దొరకలేదని రాయండి

కంచిలి దగ్గర పల్లె,
4 జూన్ 2003

టెక్కలి పాటల కేంద్రంలో ఉన్న కంప్యూటర్ గారికి, వారిని నడిపించే రవికుమార్ బాబుకు, సంఘ పెద్ద పేతురు వందనాలు చెప్పి రాయునది.

నా ఇంట్లో నాకు మాట కరువైంది. పోయిన ఆదివారం మా ఆవిడ జ్ఞానసుందరి, చిన్నప్పుడు వాళ్ల అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పాటొకటి స్త్రీల కూటంలో మొదలుపెట్టి, సగంలో మరిచిపోయి ఆగింది. "అలాటి పాట లేనే లేదు, నువ్వే అల్లుతన్నావు" అని అందరి ముందూ అనేశాను. ఆ రోజు నుంచి నాతో మాట్లాడదు. ఏదైనా చెప్పాలంటే కోడలి మీదుగానే. "మౌనికా, కూర సట్టిలో ఉందని మీ మావకి సెప్పు" అంటుంది. నేను ఆ చట్టి పక్కనే కూర్చుని ఉంటాను. మౌనిక మళ్లీ నాకు చెబుతుంది.

పల్లెపల్లెకూ తిరిగి సేకరించిన పాటలన్నీ మీ కంప్యూటర్లో ఉన్నాయట. ఆ పాటలో ఎవరో ఎవరినో వెతికి వస్తారు. ఒక ఏరు ఉంది, ఒక చుక్క ఉంది. అది దొరికితే తప్పయిందని ఒప్పుకుని నా ఇల్లు నిలబెట్టుకుంటాను.

ఇట్లు,
పేతురు

తా.క. కంప్యూటర్ గారికి పనసపండు పంపుతున్నాను. వారు తినరంటే మీరు కానివ్వండి.

టెక్కలి,
14 జూన్

గౌరవనీయులైన పేతురు గారికి వందనాలు.

వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ పాటలతోపాటే కంప్యూటర్లో ఎక్కించి, అందులోని మాటలన్నిటితో వెతకాలని మా డైరెక్టరు గారి ఆజ్ఞ. అలాగే చేశాను. 412 పాటలు వచ్చాయి. 'పాట', 'నా', 'అని' వంటి అన్నిచోట్లా ఉండే మాటల్ని వదిలేసి, మీ ఉత్తరంలోని ఏ ఒక్క మాట ఉన్నా కంప్యూటర్ ఆ పాటను పట్టుకొస్తుంది. మీరు ఇల్లు అన్నారు, అమ్మమ్మ అన్నారు, కూర కూడా అన్నారు. అన్నిటికన్నా ముందు మీ ఉత్తరమే వచ్చింది, ఎందుకంటే దానిలో ఉన్న మాటలన్నీ దానిలో ఉన్నాయి.

మాటలు పెరిగేకొద్దీ పాటలు పెరుగుతాయని గమనించగలరు.

భవదీయుడు,
రవికుమార్

తా.క. పనసపండు అందింది. రెండు రోజులుగా కంప్యూటర్ గది తలుపులు తెరిచే ఉంచాం.

కంచిలి దగ్గర పల్లె,
22 జూన్

రవికుమార్ బాబుకు పేతురు ఆశీస్సులు.

మాటలు పెరిగితే పాటలు పెరుగుతాయన్న సంగతి ముందే చెప్పాలి కదా! నేను ఆదివారం ప్రార్థన అందుకుంటే, పొయ్యి మీద అన్నం పెట్టి వచ్చిన ఆడవాళ్లు ఇంటికెళ్లి వార్చుకుని మళ్లీ వచ్చి కూర్చుంటారు. నా దగ్గర మాటలకు లోటా? ఆరు పేజీలు జతపరిచాను.

ఆ మాటలు పోగెయ్యడానికి రోజూ సాయంత్రం పెరట్లో జ్ఞానసుందరి పక్కన కూర్చుంటున్నాను. తను జీడిపిక్కలు కొడుతూ రాగం తీస్తుంది. "తర్వాత ఏటి?" అంటాను. పలకదు. నేను తప్పు పాడితే మాత్రం ఊరుకోలేదు. "మౌనికా, అది కాదని మీ మావకి సెప్పు" అంటుంది.

ఇట్లు,
పేతురు

తా.క. నాలుగు వందల పాటల్లో నా ఉత్తరం మొదటి స్థానంలో వచ్చిందని సంఘంలో చదివి వినిపించాను. చప్పట్లు కొట్టారు.

టెక్కలి,
5 జూలై

పేతురు గారికి వందనాలు.

నేను సెలవు మీద వెళ్లి మొన్ననే వచ్చాను. మీ ఆరు పేజీలు ఎక్కించడానికి రెండు రోజులు పట్టింది. కంప్యూటర్లో పాటలూ ఉత్తరాలూ కలిపి 1,150 ఉన్నాయి. మీ మాటలకు 1,146 వచ్చాయి. కలవనివి నాలుగే నాలుగు. దీన్ని వెతకడం అనరండి, జనాభా లెక్క అంటారు. దయచేసి మూడు మాటలకు మించకుండా పంపండి.

భవదీయుడు,
రవికుమార్

తా.క. మొదటి రెండు స్థానాలూ మీవే. ఇది కూడా సంఘంలో చదవకండి.

కంచిలి దగ్గర పల్లె,
11 జూలై

బాబూ రవికుమార్,

నా ఆరు పేజీలకు లొంగనివి నాలుగున్నాయా? అవి ఏమిటి? ఎందుకు దాక్కున్నాయి? ముప్పయ్యేళ్లుగా సంఘం తగువులు తీర్చినవాణ్ని, నాకు తెలుసు. అందరూ లేచి మాట్లాడుతుంటే మూల కూర్చున్నవాడి దగ్గరే అసలు సంగతి ఉంటుంది. 1,146 వదిలెయ్యండి. ఆ నాలుగింటినీ నిలదీయండి.

ఇట్లు,
పేతురు

తా.క. మూడు మాటలకు మించొద్దన్నారు. లెక్కపెట్టాను, మించాయి. క్షమించాలి.

టెక్కలి,
28 జూలై

పేతురు గారికి తలవంచి వందనాలు.

మీరే గెలిచారు. ఆ నాలుగూ యాసలో రాసినవి. నోటి నుంచి ఎలా వస్తే అలాగే ఉన్నాయి. మా కంప్యూటర్‌కు 'వెతికి' వేరు, 'ఎతికి' వేరు; 'ఏరు' వేరు, 'గెడ్డ' వేరు. పైగా మీ ఉత్తరాలు ఎక్కించేటప్పుడు 'సెప్పు' అని ఉన్నచోటల్లా 'చెప్పు' అని నేనే దిద్దాను. మర్యాద అనుకున్నాను. నాదీ మీ ఉద్దానం ప్రాంతమే, ఇదే యాస, సిగ్గుపడుతున్నాను. విశాఖ నుంచి జాకబ్ గారనే ఇంజనీరు వచ్చి, ఇకమీదట కంప్యూటర్ యాస తేడాలు పట్టించుకోకుండా వెతికేలా సరిచేశారు.

తరువాత ఆ నాలుగింటి మీద 'వెతికి' అని ఒక్క మాట వేశాం. రెండు బయటపడ్డాయి. ఒకటి మీరడిగిన పాట, పదకొండు చరణాలు, జతపరిచాను. రెండోది నేను సెలవులో ఉండగా వస్తే, వేరొకరు దిద్దకుండా ఎక్కించిన కార్డు. పంపాలో వద్దో తెలియక మూడు రోజులు ఆగాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"అయ్యా, మా ఇంటాయన పాట ఎతికి పెట్టమని రాసినాడు. దొరికినా సెప్పకండి. ముప్పయ్యేళ్లలో నా పక్కన కుదురుగా కూకోనోడు ఇప్పుడు రోజూ వొచ్చి కూకుంటన్నాడు. తరవాత ఏటి, తరవాత ఏటి అని అడుగుతన్నాడు. పాట దొరికిందంటే మళ్లా కమిటీలకి ఎలిపోతాడు. దొరకలేదని రాయండి. — జ్ఞానసుందరి."

భవదీయుడు,
రవికుమార్

తా.క. మిగతా రెండూ మా వాచ్‌మన్ గోవిందు సెలవు చీటీలు.

కంచిలి దగ్గర పల్లె,
4 ఆగస్టు

రవికుమార్ బాబుకు మాత్రమే. ఈ ఉత్తరం కంప్యూటర్ గారికి చూపించవద్దు.

కార్డు చదివాను. సిగ్గేసింది బాబూ. ఊళ్లో అందరి మాటా విన్నాను, తన పక్కన కూర్చోవాలని ఒక్కనాడూ తోచలేదు.

పాట కాగితాన్ని బైబిల్లో పెట్టలేదు, అది తను రోజూ తెరుస్తుంది. కమిటీ మినిట్స్ పుస్తకంలో దాచాను. దాన్ని ఎవరూ తెరవరు.

నిన్న సాయంత్రం పెరట్లో కూర్చుని, తెలిసిన చరణాన్నే కావాలని తప్పు పాడాను. తను మౌనిక కోసం అటూ ఇటూ చూసింది. మౌనిక నీళ్లకు వెళ్లింది. చివరికి నా వైపు తిరిగి, "అలాక్కాదు బావా, ఇలా ఇను" అంది.

కాబట్టి తమరు ఆఫీసు ముద్ర వేసి, పాట దొరకలేదని, ఇంకా వెతుకుతున్నామని నాకు ఒక ఉత్తరం రాయాలి. దాన్ని నేను జ్ఞానసుందరికి చదివి వినిపించాలి.

ఇట్లు,
పేతురు

తా.క. నెలకొకటి చొప్పున రాయండి. ఇంకా పది చరణాలు తప్పు పాడాల్సి ఉంది.