లాంచీకి ఎల్ఈడీ దీపాలు

మంగళవారం

సోమవారం విశాఖలో ఉద్యోగంలో చేరాలి. ఆ మాట నాన్నకు చెబుదామనే ఇవాళ సాయంత్రం రేవుకు పోయాను. ఊరికే చెప్పలేక, ముందు మా లాంచీకి ఎల్ఈడీ బల్బులు మార్చే పని పెట్టుకున్నాను. పాతవి బ్యాటరీని తాగేస్తున్నాయని నాన్న ఎప్పటినుంచో అంటున్నాడు.

ఎడమపక్క ఎర్రదీపం వెలిగింది. కుడిపక్క పచ్చది వెలగలేదు.

"ఏమే, పాలిటెక్నిక్ చదువు ఇంతేనా?" పక్క లాంచీ సుబ్బయ్య బాబాయి నవ్వాడు.

నాన్న ఎప్పుడో ఆ పచ్చదీపం ప్లస్, మైనస్ వైర్లు తారుమారుగా కలిపాడు. పాత బల్బుకి ఎటు కలిపినా ఒకటే, ఎల్ఈడీకి కాదు. తిప్పి కలిపితే వెలిగింది.

నాన్న రేవంతా వినపడేలా అరిచాడు. "చూడండిరా, మా పాప చేసింది! ఇంక మనకు మెకానిక్ ఎందుకు? అన్ని లాంచీలూ ఇదే చూసుద్ది!"

"రేపు మాది చూడమ్మా," అన్నాడు బాబాయి, ఈసారి నవ్వకుండా.

"నాన్నా, నేను..." అన్నాను.

"నిన్ను చదివించినందుకు ఇవాళ నా కడుపు నిండిందమ్మా," అన్నాడు. ఉద్యోగం మాట ఎత్తకుండానే పనిముట్లు సర్దుకుని ఇంటికొచ్చేశాను.

నేను లేకపోయినా నాన్నే అన్ని లాంచీలకూ మార్చేలా, ఏ వైరు ఎక్కడ కలపాలో ఇందాక ఒక కాగితం మీద వివరంగా రాశాను. సగం పేజీ నిండాక గుర్తొచ్చింది, మా ఇంట్లో అది చదవగలిగేది నేనొక్కదాన్నే.