గుడారంలో దెయ్యం సినిమా

మాచర్ల, శనివారం రాత్రి.

గుడారంలో మళ్ళీ ఆ పాత సినిమా ఆడించారు. చచ్చిన తల్లి బిడ్డకోసం దెయ్యమై తిరిగొచ్చే కథ. నేల టిక్కెట్టువాళ్ళంతా ఒకటే నవ్వు.

"ఏంది బావా, దీనికన్నా మా అత్తే నయం, చానా భయపెడతది," అన్నాడు పక్కింటి సాంబయ్య.

పోయిన నా మొదటి భార్య సీత అప్పట్లో ఇదే సినిమా చూసి ఏడ్చింది. "నేనైనా అట్టనే వస్తా," అంది. ఆ మాట నా రెండో భార్య కోటమ్మకు ఎన్నడూ చెప్పలేదు.

కోటమ్మ నవ్వలేదు, భయపడలేదు. ఇంటికి రాగానే, రెండో పెళ్ళినాడు, చచ్చిన సవతి పీడించకుండా సీత పేరున తన మెడలో నేను కట్టిన బిళ్ళను విప్పి, నిద్రపోతున్న సీత బిడ్డ మెడలో కట్టింది.

"ఎందుకే?" అన్నాను.

"పిల్లకు కట్టమని సీతక్క రోజూ కల్లోకొచ్చి అడుగుతందయ్యా. కట్టకపోతే పిల్లనే ఎత్తుకపోతానంది."

పాప ఒళ్ళు వెచ్చగా ఉంది.