పూతరేకుల పెట్టె

21 ఆగస్టు 1998, మధ్యాహ్నం

నా మీద మోపిన అభియోగం ఇది: ఎం.ఎస్సీ. ఫైనలియర్ విద్యార్థిని హారతి పంద్రాగస్టు వక్తృత్వ పోటీలో, ఇచ్చిన అంశాన్ని వదిలిపెట్టి, ఆధారం లేకుండా కెమిస్ట్రీ డిపార్టుమెంటు పరువు తీసింది. ముప్పై ఒకటిన కమిటీ ముందు సంజాయిషీ ఇవ్వాలి. లేకపోతే సస్పెన్షన్.

అంశాన్ని వదిలిపెట్టానన్నది అబద్ధం. ఇచ్చిన అంశం ‘విజ్ఞానశాస్త్రం, సామాన్యుని సేవ’. నేను ఒక సామాన్యురాలి గురించే మాట్లాడాను. ఆధారం లేదన్నది నిజం. ఇంకా లేదు.

21, సాయంత్రం

జరిగింది వరుసగా రాసుకోవాలి. కోపంలో వరుస తప్పుతుంది.

రొయ్యల చెరువుల వాళ్ళు నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో చూసుకోవడానికి మా డిపార్టుమెంటు టెస్ట్ కిట్లు అమ్ముతుంది. కిట్‌లో మూడు చిన్న గాజుసీసాలు. మూడోదానిలో ఉండేది గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్. అట్టపెట్టెలో సర్ది, చుట్టూ ఊక పోసి, బస్సులో పంపుతారు. మొదట మామూలు పెట్టెల్లోనే పంపేవారు. కండక్టర్లు వాటిని టాపు మీదికి విసిరేవారు. యాసిడ్ అని పైన రాస్తే అసలు ఎక్కించుకోరు. అప్పుడు మా హెచ్.ఓ.డి. రాజరత్నం గారికి ఒక ఉపాయం తోచింది. ఆత్రేయపురం నుంచి పూతరేకుల ఖాళీ పెట్టెలు తెప్పించి వాటిలో సర్దించారు. పూతరేకులను ఈ జిల్లాలో ఎవరూ విసరరు. ఈ సంగతి ఆయనే క్లాసులో చెప్పి, మనవాళ్ళకి సైన్సు మీద లేని భక్తి స్వీటు మీద ఉందర్రా అన్నారు. క్లాసంతా నవ్వింది.

జూలై చివర్లో, యానాం బస్సులో, ఆ పెట్టెల్లో ఒకటి నాగదుర్గ ఒళ్ళోకి చేరింది. తాళ్ళరేవులో మా ఇంటికి చేపలు తెచ్చే మనిషి. యాసిడ్ కారి ఆమె తొడ కాలింది, కుడిచేతి వేళ్ళు కాలాయి.

డిపార్టుమెంటు తీర్పు ఒక్క రోజులో వచ్చేసింది. స్వీట్లనుకుని ఆశపడి పెట్టె విప్పింది, సీసా మూత తీసింది, కాల్చుకుంది. డిపోలోనూ అదే చెప్పి వచ్చారు. ఆ మాట బస్సెక్కి మా ఊరికీ చేరింది. పంద్రాగస్టున వేదిక మీద నేను చెప్పింది, ఆమె విప్పలేదు, మన పెట్టే కారిందని.

23 ఆగస్టు

తాళ్ళరేవు వెళ్ళాను. నాగదుర్గ గుమ్మంలో కాలు చాచుకుని కూర్చుంది. గాయం ఇంకా పచ్చిగానే ఉంది.

ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. చేపలమ్మేసి ఖాళీ గంపతో ఎక్కాను పాపా, కండక్టరు పెట్టె తెచ్చి, పూతరేకులక్కా, నలిగిపోతాయి, కాస్త ఒళ్ళో పెట్టుకో అన్నాడు. నా చేతులు నీచు కంపండి బాబూ అన్నాను. తినేది నువ్వు కాదులే అన్నాడు. బస్సులో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. చొల్లంగి దాటాక ఒళ్ళో తడి తగిలింది. నెయ్యి కారిందనుకున్నాను. అయ్యో, నా ఒళ్ళో పాడయ్యాయంటారేమో అని గబగబా చేత్తో తుడిచేశాను.

రాజరత్నం గారి వాదమంతా ఆ వేళ్ళ మీదే నిలబడి ఉంది. విప్పకపోతే వేళ్ళెందుకు కాలాయని ఆయన అడుగుతున్నారు. పరుల పూతరేకులు పాడవుతాయని కంగారుపడ్డ వేళ్ళు అవి.

ఇప్పుడు ఆమెను వాకిట్లోకి రానివ్వడం లేదు. దొంగతిండి తినబోయిన చెయ్యి అంటున్నారట. మా వీధిలోనే. ఆమె వైద్యం ఖర్చు అడగలేదు. నేను విప్పలేదని చదువుకున్నవాళ్ళు ఒక్కళ్ళు చెబితే చాలు పాపా, మళ్ళీ గంప ఎత్తుకుంటాను అంది.

24 ఆగస్టు

నా రూమ్మేట్ సూర్యకళ అడిగింది: నీకు వక్తృత్వంలో కప్పు రావడానికి ఆవిడ కాలు కావలసి వచ్చిందా అని.  ఆ ప్రశ్నను అడిగింది అడిగినట్టే ఇక్కడ రాసుకున్నాను.

25 ఆగస్టు

హార్బరు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెంట్ ఆఫీసులో ప్రమాదకరమైన సరుకుల రవాణా నిబంధనల పుస్తకం దొరికింది. అక్కడే కూర్చుని చదువుకోనిచ్చారు.

చిన్న పరిమాణాలకు వేరే నియమాలున్నాయి. సరుకు తక్కువైతే మిగతా నిబంధనలు చాలావరకు సడలిస్తారు. ఆ సడలింపు కావాలంటే పెట్టె పరీక్ష నెగ్గాలి. ఆరడుగుల ఎత్తు నుంచి గట్టి నేల మీదికి వదలాలి: అడుగు వైపు, పై వైపు, పొడుగు పక్క, పొట్టి పక్క, చివరికి ఒక మూల మీద. పైన బరువు పేర్చి ఒక రోజంతా ఉంచాలి. లోపలి సీసా పగలకూడదు, కారకూడదు. చుట్టూ కూరిన పదార్థం కారినదాన్ని పీల్చుకోవాలి గాని దానితో చర్య జరపకూడదు. మన ఊక యాసిడ్ తగిలితే బొగ్గవుతుంది. పంచదార మీద యాసిడ్ పోసి, అది బొగ్గవడం ఇంటర్ పిల్లలకు మా లాబ్‌లోనే చూపిస్తారు.

పరీక్షకు యాసిడే అక్కర్లేదట, హాని లేని ద్రవం నింపవచ్చట. ఈ నిబంధన రాసినవాడెవడో, పెట్టె మోసే మనిషిని ఒక్కసారైనా తలచుకున్నాడు.

26 ఆగస్టు

కిట్లు సర్దే అటెండరు సామ్యేలు గారికి యాసిడ్ సీసా బదులు ఎర్రసిరా కలిపిన నీళ్ళ సీసా ఇచ్చి, రోజూ సర్దినట్టే సర్దమన్నాను. ఏంటమ్మా ఈ ఆట అంటూనే ఊక పోసి, టేపు వేసి, పురికొస కట్టారు. పెట్టె ఇంకా నెయ్యి వాసన వేస్తోంది.

హాస్టల్ డాబా మీద సూర్యకళ చూస్తుండగా వదిలాను. మొదటిసారి, అడుగు వైపు. చప్పుడు కూడా పెద్దగా లేదు. ఎత్తి చూస్తే ఒక మూల ఎర్రగా తడిసింది. టేపు చెక్కు చెదరలేదు. కట్టు అలాగే ఉంది. మూల మీద వదిలినప్పుడు లోపల గాజు పగిలింది. అప్పటికీ కట్టు అలాగే ఉంది.

విప్పకుండానే కారింది. ఆధారం దొరికింది.

28 ఆగస్టు

పెట్టె తీసుకుని ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళాను. రాజరత్నం గారిని పిలిపించారు. నీళ్ళు యాసిడ్ కావు కదా అన్నారాయన. యాసిడ్ నీళ్ళకంటే బరువు సర్, దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది అన్నాను. ఆ రూలు మన బస్సులకు వర్తించదన్నారు. చర్మానికి వర్తిస్తుంది అన్నాను. సరే, ఆ పరీక్షేదో మేమే చేస్తాం అన్నారు.

మధ్యాహ్నం లాబ్‌లో చేశారు. కొత్త మందపాటి పెట్టె. లోపల థర్మోకోల్. సీసా మూతకు టేపు, సీసాకు పాలిథీన్ సంచి. అయిదుసార్లు వదిలారు. చుక్క కారలేదు. లెక్చరర్లు చప్పట్లు కొట్టారు.

నెయ్యి వాసన ఏది సర్ అని అడిగాను. ఇకమీదట మా ప్యాకింగ్ ఇదే అన్నారు. మరి జూలైలో ఏ ప్యాకింగ్ అని అడిగాను. ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తుడుచుకుంటూ, పరీక్ష నెగ్గింది కదమ్మా, క్షమాపణ రాసిచ్చేసి చదువు చూసుకో అన్నారు.

సాయంత్రం యానాం బస్సుకు మళ్ళీ పూతరేకుల పెట్టెలే వెళ్ళాయి. బస్టాండులో నిలబడి చూశాను.

30 ఆగస్టు

సాక్ష్యానికి రమ్మంటే సామ్యేలు గారు ఉద్యోగం పోతుందమ్మా అన్నారు. సూర్యకళ ప్రాక్టికల్ మార్కులు పోతాయంది. రేపు సాక్షులు లేరు.

31 ఆగస్టు

నాగదుర్గను లోపలికి రానివ్వలేదు. కాలీడ్చుకుంటూ వచ్చి వరండాలో నేల మీద కూర్చుంది. ఇవాళ ఉదయం డిపార్టుమెంటు కౌంటర్‌లో కొన్న పూతరేకుల పెట్టెను, కట్టు విప్పకుండా, కమిటీ బల్ల మీద పెట్టాను. ఇందులో ఉన్నది నీళ్ళు కావని చెప్పాను. కుర్చీలు వెనక్కి జరిగాయి.

నా సంజాయిషీగా ఇది చెప్పాను: అయ్యా, ఇది పరీక్ష నెగ్గిన పెట్టె అంటున్నారు. ఇక్కడి నుంచి చొల్లంగి దాటేంతసేపు మీలో ఒకరు దీన్ని ఒళ్ళో పెట్టుకోండి. పెట్టుకోలేకపోతే వరండాలోకి వచ్చి, నువ్వు విప్పలేదమ్మా అని ఆమె మొహం చూసి చెప్పండి. ఎలాగూ కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. లేవండి.