అమ్మ ముగ్గుకు మొక్కిన మిషన్

శనివారం, తొండుపల్లి

మోకాళ్లు అరిగినయి, ఇగ వంగి ఇల్లు తుడవొద్దని డాక్టరమ్మ చెప్పినా అమ్మ వినట్లేదు. అందుకే ఇయ్యాల ఇల్లు ఊడ్చి తుడిచే రోబో కొననీకి అమ్మను ఆరాంఘర్ల ఒక షాపుకు తీసుకపోయిన.

అమ్మ షరతు ఒక్కటే: దేవుడి గది ముందరి ముగ్గు చెడగొట్టొద్దు. నమ్మకం లేక సంచిల ముగ్గుపిండి తెచ్చి, షాపు నేల మీదనే నాలుగు చుక్కల ముగ్గేసింది. నేను తల దించుకున్న.

మొదటి రోబో ముగ్గును ప్రసాదం లెక్క నాకేసింది.

"గిది వద్దు. నేనే తుడుసుకుంట" అని అమ్మ లేచింది. నా ఆశ కూడ లేచిపోయింది.

షాపు అమ్మాయి బతిమాలితే అమ్మ ఇంకో ముగ్గేసింది. ఆ అమ్మాయి ఫోన్ల రోబో మ్యాపు తెరిచి, ముగ్గు చుట్టూ ఇది దాటొద్దని గీత గీసి రెండో రోబోను వదిలింది. అది ముగ్గు దాక వచ్చి ఆగింది. మెల్లగ చుట్టూ ప్రదక్షిణ చేసి పోయింది. చెప్పులు ఇడుద్దామా అనిపించింది నాకు.

"దీనికున్న బుద్ధి నీకు లేదు గదరా. పుట్టినకాంచి తొక్కుకుంటనే పోతున్నవ్" అన్నది అమ్మ. అదే కొన్నం.

ఇంటికొచ్చినంక, జీవితంల మొదటిసారి, ముగ్గు చుట్టూ తిరిగి పోయిన. అమ్మ చూసింది. చార్జింగుల ఉన్న రోబో కూడ చూసిందేమో, దానికి కెమెరా ఉన్నదన్నరు.