మూడో కేసు భార్య

ఇలోయిలో నగరం

డాక్టర్ లకాంబ్రా గారికి,

రేడియేషన్ భద్రతా పాఠానికి రమ్మన్న మీ పిలుపు అందింది. క్యాన్సర్ చికిత్సలో కిరణాలు పడకుండా ఒంటికి అడ్డుపెట్టే సీసం పలకలన్నిటినీ కంప్యూటరులో ఒకే ముక్కగా గీయడంతో అది కిరణాల డోసును రెట్టింపు చేసిందనీ, ఎవరూ చేత్తో లెక్కేసి సరిచూడలేదనీ రాశారు. ఆ డోసుకి చచ్చిపోయిన మా ఆయన పేరు ఫిదెన్సియో. మీ పాఠంలో ఆయన 'మూడో కేసు'.

కిందా పైనా నిప్పులు పోసి నేను కాల్చిన బిబింకా, అదే బియ్యప్పిండి కేకు, ఆయన చికిత్సకి వస్తూ రోజూ మీకు తెచ్చేవాడు. ఒకరోజు "లోపల కాలిపోతోంది డాక్టరుగారూ" అన్నాడు. మీరు బిబింకా నములుతూ, "కాలుతోందంటే పనిచేస్తోందన్నమాట, ఓర్చుకో పెద్దాయనా" అని నవ్వారు. మర్యాదకి ఆయనా నవ్వాడు.

తప్పకుండా వస్తాను, బిబింకా తెస్తాను. ఈసారి కిందా పైనా నిప్పులు రెట్టింపు పోస్తాను. అందరి ముందూ ఆఖరి ముక్కదాకా తినండి. నవ్వుతూ తినండి.

ఇట్లు,
మూడో కేసు భార్య