పడుగు కొస పట్టుకున్న పొద్దు

ఫిబ్రవరి 2003, మంగళవారం. ధర్మవరం.

రెండు లెన్సుల్లో ఒకటే ఉంచుకోవాలి. రెండోది రేపు హిందూపురం స్టూడియో రషీదన్నకు తిరిగి ఇచ్చేయాలి. వీధిలో మనుషుల్ని తీయడానికి జూమే మేలనుకున్నాను. ఎవరికీ తెలియకుండా దూరం నుంచే తీయొచ్చు.

పొద్దున నేతగాళ్ల వీధి పొడవునా మగ్గానికెక్కించే పట్టు పడుగు పోగులకు గంజి పట్టించి సాగదీసి కట్టారు. ఎండ పడి వీధంతా పసుపు నీళ్ల కాలువలా మెరిసింది. జూమ్‌లో అందరూ కలలో మనుషుల్లా, మాట వినపడనంత దూరంగా ఉన్నారు. తర్వాత చిన్న యాభై ఎమ్మెమ్ లెన్సు తగిలించాను. దాంతో మొహం పెద్దగా కావాలంటే మనమే నడిచి పోవాలి. పోయాను. పోగులు సర్దుతున్న అవ్వ తలెత్తింది.

"ఏమప్పా, ఊరికే నిలబడుకోనుండావే! ఈ కొస పట్టుకో, తెగిన పోగు ముడేస్తా."

రెండు చేతులా పట్టుకున్నాను. కెమెరా మెడలో వేలాడుతూనే ఉంది. వంగి ముడి వేస్తున్న ఆ మొహం మీద పట్టు వెలుగు కదిలింది. అంత మంచి ఫొటో నాకెప్పుడూ దొరకలేదు. తీయనూ లేదు.

దగ్గరికి పోతే ప్రతిసారీ ఇలాగే ఏదో పని చెబుతారేమో, మరి ఫొటోలు ఎప్పుడు తీసేది...

అయినా రేపు రషీదన్నకు ఇచ్చేయడానికి జూమ్‌నే డబ్బాలో పెట్టేశాను. వేళ్లకింకా గంజి వాసన పోలేదు.