మోకాళ్ల దగ్గర అతుకు

తమ్ముడూ,

ఇక్కడ నా కుట్టుమిషను తప్ప అందరం బాగున్నాం. దాని బెల్టు తెగబట్టే నీకు ఉత్తరం రాసే తీరిక దొరికింది.

అమ్మాయిని మా వీధి చివరి సర్కారు బడిలో ఆరో తరగతిలో చేర్చొచ్చా అంటూ, పెళ్లి సంబంధానికి వాకబు చేసినట్టు పద్దెనిమిది ప్రశ్నలు పంపావు. ఉత్తీర్ణత శాతాలు నాకేం తెలుస్తాయిరా? ఆ పిల్లల బట్టలు చిరిగితే నా దగ్గరికి వస్తాయి, నాకు తెలిసింది అంతే.

మోకాళ్లు చిరిగి వస్తాయి, అంటే ఆడనిస్తున్నారు. చొక్కా చేతులకి రంగులూ మట్టీ ఉంటాయి, అంటే పనులు పిల్లల చేతే చేయిస్తున్నారు. కాలరు చిరిగిన చొక్కా మాత్రం ఇన్నేళ్లలో ఒక్కటీ రాలేదు. మొన్న లెక్కల మేష్టారి ప్యాంటు కూడా మోకాలి దగ్గరే చిరిగింది. ఏమైందండీ అంటే, "పిల్లలతో మైదానం కొలుస్తూ పడ్డానమ్మా" అని సిగ్గుపడ్డారు.

నీ బడి నిక్కర్లు గుర్తున్నాయా? కదిలితే బెత్తం దెబ్బ పడుతుందని రోజంతా బెంచీకి అతుక్కుపోయేవాడివి. అమ్మ ఎప్పుడూ వెనకవైపే అతుకులు వేసేది.

నీ కూతురికి మోకాళ్ల దగ్గర వేసే భాగ్యం నాకివ్వు.

నీ అక్క